ఇంగ్లీషులో దిగులు మాటలు, రోగాల పేర్లు: ఇవన్నీ ఎక్కడ పుట్టాయి?

అమీర్‌పేట_అర్చన
జీఆర్‌ఈకి చదువుతున్నాను. కోచింగ్‌లో ఇచ్చిన పదాల పట్టికలో దిగులుకు సంబంధించినవే ఒక పేజీ నిండా ఉన్నాయి. మెలంకలీ, గ్లూమీ, మొరోస్, సలెన్, డిస్మల్, శాటర్నైన్, లుగూబ్రియస్. అన్నింటికీ ఎదురుగా ఒకే అర్థం రాశారు, "విచారంగా ఉన్న" అని. పరీక్షలో ఖాళీ ఇచ్చి నాలుగింట్లో ఒకటి ఎంచుకోమంటే ఆ అర్థంతో ఏం చేయాలి? తేడా అడిగితే లుగూబ్రియస్ అంటే లగేజీ పోయినవాడి ఏడుపని గుర్తుపెట్టుకోమన్నారు. నాకు అలా నేర్చుకోవాలని లేదు. ఈ మాటలు ఎలా పుట్టాయో తెలిస్తే వాటంతట అవే గుర్తుంటాయని నా నమ్మకం. రోగాల పేర్లూ అంతే, ఒక్కటీ అర్థమై చావదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మందుల_షాపు_మల్లేశ్
లగేజీ ఐడియా మాత్రం ఇక జన్మలో మర్చిపోను. శంషాబాద్‌లో బెల్టు దగ్గర నిలబడిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

చిక్కడపల్లి_మాస్టారు
అర్చనా, నువ్వడిగిన పద్ధతే సరైనది. మెలంకలీతో మొదలుపెడదాం, మిగతావి చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

గ్రీకులో మెలాస్ అంటే నలుపు, ఖోలే అంటే పిత్తం. మెలంకలీ అంటే నల్ల పిత్తం. మనిషి ఒంట్లో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలు ఉంటాయనీ, అవి సమంగా ఉంటే ఆరోగ్యం, ఒకటి పెరిగితే రోగమనీ గ్రీకు వైద్యులు నమ్మేవారు. హిపోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాల్లో ఈ మాట ఉంది. తర్వాత గేలెన్ దాన్ని పెద్ద సిద్ధాంతంగా నిలబెట్టాడు. రోగాలే కాదు, స్వభావాలు కూడా వీటినిబట్టే అనుకున్నారు. రక్తం ఎక్కువైనవాడు సాంగ్విన్, అంటే ఉత్సాహం, ధీమా ఉన్నవాడు. కఫం ఎక్కువైతే ఫ్లెగ్మాటిక్, ఏం జరిగినా చలించనివాడు. పసుపు పిత్తం ఎక్కువైతే కోలరిక్, ముక్కు మీద కోపం. నల్ల పిత్తం ఎక్కువైతే మెలంకలిక్. ఈ నాలుగూ నీ పట్టికలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి, వెతుక్కో.

గ్లూమ్ సంగతి వేరు. అది లాటిన్ కాదు, గ్రీకు కాదు, మధ్యయుగాల ఇంగ్లీషులో కనపడే మాట. మొదట్లో దాని అర్థం చీకటి కాదు, మొహం ముడుచుకోవడం, కనుబొమలు చిట్లించడం. చీకటి అనే అర్థం, మనసులో దిగులు అనే అర్థం తర్వాత వచ్చి చేరాయి. గ్లమ్ అనే మాట దీని చుట్టమే. అందుకని గ్లూమీ అన్నప్పుడు పైకి కనపడే ముఖాన్నో, గదినో, వాతావరణాన్నో తలుచుకో. మెలంకలీ లోపలిది.

మొరోస్‌కు మూలం లాటిన్‌లో అలవాటు, తీరు అనే అర్థమున్న మాట. తన తీరు తనదే, ఎవరితోనూ పొసగని చిరాకు మనిషి. సలెన్ ఒంటరి అనే అర్థమున్న సోలస్ నుంచి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా అలిగి మూలకు కూర్చోవడం. లుగూబ్రియస్‌కు మూలం చనిపోయినవారి కోసం శోకించడం. పట్టికలో ఒకే అర్థం రాసినవారు ఇన్ని తేడాలు పోగొట్టారు.

అమీర్‌పేట_అర్చన
మాస్టారు, ఈ ఒక్క పోస్టుతో సగం పేజీ వచ్చేసింది. మరి అన్నింటికంటే మామూలు మాట శాడ్?

చిక్కడపల్లి_మాస్టారు
దాని కథే అన్నింటికంటే బాగుంటుంది. పాత ఇంగ్లీషులో శాడ్ అంటే కడుపు నిండినవాడు. శాటిస్ఫై, శాచురేట్ లాంటి మాటలకు అది దాయాది. జర్మన్‌లో జాట్ అంటే ఇప్పటికీ కడుపు నిండింది అనే. నిండినవాడు కాస్తా బరువైనవాడు, తర్వాత గంభీరమైనవాడు, చివరికి విచారంగా ఉన్నవాడు అయ్యాడు.

లాల్‌దర్వాజ_లక్ష్మి
కడుపు నిండితే ఏడుపెందుకు? మా ఇంట్లో కడుపు నిండితే నిద్ర.

పుస్తకాల_పురుగు
@లాల్‌దర్వాజ_లక్ష్మి మనకు "మొహం మొత్తింది" లేదా? ఎక్కువ తింటే మొహం మొత్తుతుంది, తర్వాత ఉద్యోగం కూడా మొహం మొత్తుతుంది. తిండి మాట మనసుకు ఎక్కడం మనకూ ఉంది.

పత్తర్‌గట్టి_హకీం_మనవడు
మాస్టారు చెప్పిన నాలుగు ద్రవాలూ గ్రీసులో ఆగిపోలేదు. మా పాతబస్తీలో ఇప్పటికీ నడుస్తున్నాయి. మా తాత హకీం. నాడి పట్టుకుని చూసి "సౌదా పెరిగింది" అనేవారు.

యునానీ అంటేనే గ్రీకుల వైద్యం. ఆసియా వైపు గ్రీకులు ఉండే అయోనియా పేరు అరబ్బీలో యూనాన్ అయింది. గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి వెళ్లాయి, ఇబ్న్ సీనా అనే వైద్యుడు తన ఖానూన్ అనే వైద్యగ్రంథంలో వాటన్నింటినీ క్రమంగా పెట్టాడు, అది లాటిన్‌లోకి వెళ్లి ఐరోపా విశ్వవిద్యాలయాల్లో శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది. ఇటువైపు అదే శాస్త్రం దక్కన్‌కు వచ్చింది. చార్మినార్ దగ్గర నిజామియా యునానీ దవాఖానకు వెళ్తే నాలుగు పేర్లూ వినపడతాయి. దమ్ అంటే రక్తం, బల్గమ్ అంటే కఫం, సఫ్రా అంటే పసుపు పిత్తం, సౌదా అంటే నల్ల పిత్తం. బల్గమ్ గ్రీకు ఫ్లెగ్మాయే, అరబ్బీ నోట్లో అలా మారింది. మెలంకలీని మా తాత మాలిఖూలియా అనేవారు. గ్రీకు మాట అరబ్బీ, ఉర్దూ మీదుగా పత్తర్‌గట్టి దాకా నడిచి వచ్చింది.

ఇంకొకటి. జలుబును మేం నజలా అంటాం. అరబ్బీలో నజల అంటే దిగడం. ఇంగ్లీషులో పాత మాట కటార్, గ్రీకులో కిందికి పారడం. తలలోంచి ద్రవం దిగుతుందని ఇద్దరూ ఒకే ఊహ చేశారు.

లాల్‌దర్వాజ_లక్ష్మి
భాయ్, మా ఇంట్లో సౌదా అంటే కిరాణా సామాను. ఒకటో తారీఖు సౌదా పెరిగిందంటే మా ఆయనకు నిజంగానే దిగులు.

పత్తర్‌గట్టి_హకీం_మనవడు
😀 అది వేరే సౌదా అక్కా, బేరసారాల సౌదా, ఫార్సీ మాట. ఇది నలుపు అనే అర్థమున్న అరబ్బీ సౌదా. రాతలో ఒకేలా ఉంటాయి. ఉర్దూ కవులు ప్రేమపిచ్చిని సౌదా అన్నది ఈ రెండో దాన్నిబట్టే.

వనస్థలిపురం_వేణు
వాతం, పిత్తం, కఫం మనవి. గ్రీకులు మన దగ్గరే నేర్చుకుని ఒకటి కలిపారు. ఇది ఎవరూ చెప్పరు.

చిక్కడపల్లి_మాస్టారు
@వనస్థలిపురం_వేణు పోలిక ఉన్నంత మాత్రాన అప్పు అని తేల్చలేం. మన లెక్కలో వాతం ప్రధానం, గ్రీకుల నాలుగింట్లో వాతమే లేదు. వాళ్ల నల్ల పిత్తం మన త్రిదోషాల్లో లేదు. అప్పు తెచ్చుకుని ఉంటే అసలు సొమ్మునే వదిలేసి వస్తారా? రెండు చోట్లా వైద్యులు రోగిని చూశారు. వాంతి, చీమిడి, రక్తం కంటికి కనపడేవే కదా.

వనస్థలిపురం_వేణు
మీరు ఒప్పుకోకపోయినా నా అభిప్రాయం అదే. అలెగ్జాండర్ కంటే ముందు నుంచే పారశీకుల ద్వారా రాకపోకలు ఉన్నాయి.

చిక్కడపల్లి_మాస్టారు
రాకపోకలు ఉన్న మాట నిజం. వైద్యం వెళ్లిందనడానికి రుజువు కావాలి.

పుస్తకాల_పురుగు
ఎవరి నుంచి ఎవరికి వెళ్లినా పిత్తం మాత్రం రెండు భాషల్లోనూ బుర్రకెక్కింది. ఇంగ్లీషులో కోలర్ అంటే కోపం. మనకు "పైత్యం ముదిరింది" అంటే పిచ్చి చేష్టలు. పైత్యం పిత్తం నుంచి వచ్చిందే. కలరా అనే పేరు కూడా ఖోలే నుంచే వచ్చిందని చాలామంది పండితుల మాట. గ్రీకుల కాలంలో కలరా అంటే వాంతులు విరేచనాలయ్యే ఏ జబ్బయినా కావచ్చు. 1817లో బెంగాల్ నుంచి మొదలై దేశాలు దాటిన మహమ్మారికి ఆ పాత పేరు తగిలించారు.

లాల్‌దర్వాజ_లక్ష్మి
మా దిక్కు కలరాను గత్తర అంటారు. మా నాయనమ్మకు కోపమొస్తే తిట్టు కూడా అదే, "నీకు గత్తర రాను". బోనాల కథలో కూడా గత్తరే. 1813లో ఇక్కడ జబ్బు ప్రబలితే, ఉజ్జయినిలో ఉన్న మనవాళ్లు మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలబెట్టారని చెబుతారు.

మందుల_షాపు_మల్లేశ్
నేను విన్నదాంట్లో అది ప్లేగు.

లాల్‌దర్వాజ_లక్ష్మి
రెండు రకాలుగానూ చెబుతారు. మా ఇంట్లో గత్తర అనే చెప్పుకున్నారు.

పుస్తకాల_పురుగు
ప్లేగు అనే మాటకు లాటిన్‌లో అర్థం దెబ్బ. పైనుంచి పడిన దెబ్బ, దేవుడు కొట్టిన దెబ్బ. అందుకే ఇంగ్లీషులో ఏ పెద్ద ఉపద్రవాన్నయినా ప్లేగు అనేస్తారు. పక్షవాతాన్ని స్ట్రోక్ అనడంలో కూడా అదే ఊహ ఉంది, ఎవరో కొట్టినట్టు మనిషి కూలిపోతాడు.

బేగంపేట_బాలు
హైదరాబాద్ వాళ్లు ఇంతమంది ఉండి మలేరియా మాటెత్తకపోతే ఎలా? మలేరియా ఇటాలియన్ మాట. మాలా ఆరియా, చెడు గాలి. రోమ్ చుట్టూ చిత్తడి నేలల్లోంచి వచ్చే గాలి వల్లే ఈ జ్వరం వస్తుందని నమ్మారు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ గాలి సిద్ధాంతానికి తెరపడింది మన ఊళ్లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడ ఒక దోమ పొట్ట కోసి, అందులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ అది. కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, అది దోమకాటు ద్వారానే వ్యాపిస్తుందని రాస్ పూర్తిగా నిరూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచ దోమల దినం ఆగస్టు 20న జరపడానికి కారణం ఇదే.

పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇంకా ఉంది. మనవాళ్లు రోజూ దాని ముందు నుంచే వెళ్తారు, లోపలికి చూసినవారు తక్కువ. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కూడా అధికారికంగా రాస్ పేరే. నా బాధ ఏమిటంటే, హుసేన్ ఖాన్ పేరు ఏ వీధికీ లేదు.

అమీర్‌పేట_అర్చన
గాలి కాదని తేలిపోయాక కూడా చెడు గాలి అనే పేరే ఉంచేశారా?

బేగంపేట_బాలు
అప్పటికే అందరి నోళ్లలో పాతుకుపోయింది. మందు మారినా సీసా మీద చీటీ మారలేదు.

మందుల_షాపు_మల్లేశ్
షాపుకు వచ్చే పెద్దవాళ్లు ఇప్పటికీ "పిల్లవాడికి గాలి సోకింది" అంటారు. ఇటలీ వాళ్లూ మనవాళ్లూ గాలినే పట్టుకున్నారు. ఇది నవ్వే విషయం కాదు. నీళ్లు నిలిచిన చోటుకు పోతే జ్వరమొస్తుందని వాళ్లు సరిగ్గానే గమనించారు. దోమ చిన్నది కాబట్టి కనపడలేదు, వాసన ముక్కుకు తగిలింది. కానీ గాలి సోకిందని తాయెత్తు కట్టించి నాలుగు రోజులు ఆలస్యం చేసినవాళ్లను చూశాను, అప్పుడు కడుపు తరుక్కుపోతుంది. జ్వరమొస్తే ముందు రక్తపరీక్ష చేయించండి బాబూ.

పత్తర్‌గట్టి_హకీం_మనవడు
మలేరియా, మెలంకలీ ఒకచోట కలుస్తాయి. నల్ల పిత్తం చేరేది ప్లీహంలో అని గ్రీకులూ హకీంలూ ఇద్దరూ నమ్మారు. అందుకే ఇంగ్లీషులో స్ప్లీన్ అంటే ప్లీహమూ అవుతుంది, దిగులూ అవుతుంది, కసీ అవుతుంది. మలేరియా తిరగబెడుతూ ఉంటే ఉబ్బేది కూడా ఆ ప్లీహమే. తెలుగులో దాన్నే కడుపులో బల్ల పెరిగింది అంటారు. బ్రిటిష్ కాలంలో ఒక ఊళ్లో మలేరియా ఎంత ఉందో తెలుసుకోవడానికి పిల్లల పొట్టలు తడిమి, ప్లీహం ఉబ్బినవాళ్లు ఎందరో లెక్కపెట్టేవారు. నెలల తరబడి జ్వరం, రక్తం తక్కువ, ఒళ్లు పాలిపోవడం, పనిమీద ధ్యాస లేకపోవడం. ఆ మనిషి కడుపు తడిమితే ఎడమవైపు గట్టిగా తగులుతుంది. దిగులు ప్లీహంలో ఉందని అనుకోవడానికి ఇలాంటి రోగులు కూడా ఒక కారణం అయ్యుండొచ్చని నా ఊహ.

చిక్కడపల్లి_మాస్టారు
మంచి మాట పట్టావు నాయనా. ఊహే అయినా ఆలోచించదగ్గ ఊహ.

జ్యోతిష్యం_ఇష్టం
శాటర్నైన్ నాకు వదిలేయండి. శాటర్న్ అంటే శని. శని ప్రభావంలో పుట్టినవాడు మందకొడిగా, మూతి ముడుచుకుని ఉంటాడని వాళ్ల నమ్మకం. నల్ల పిత్తానికి అధిపతి కూడా శనే. గురువు జోవ్ పేరుతో జోవియల్ వచ్చింది, ఉల్లాసం. ఏలినాటి శని పట్టిందని మనం అనేది, వాళ్లు శాటర్నైన్ అనేది ఒకే గ్రహాన్ని చూసి. శని సూర్యుడిని చుట్టి రావడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది, గ్రహాల్లో అంత నెమ్మదిగా కదిలేది పాతవాళ్ల కంటికి ఇంకొకటి లేదు. మందుడు అని మనం పేరు పెట్టాం. కుంటుతూ నడిచే గ్రహానికి కుంగిన మనసును అంటగట్టారు.

డిస్మల్ కూడా పంచాంగం మాటే. డియెస్ మాలి, చెడ్డ రోజులు. మధ్యయుగాల ఐరోపా క్యాలెండర్లలో నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 అశుభ దినాలు గుర్తుపెట్టేవారు. ఆ రోజుల్లో ప్రయాణం పెట్టుకోరు, కొత్త పని మొదలుపెట్టరు. మన వర్జ్యం, దుర్ముహూర్తం లాంటిది. రోజు పేరు కాస్తా దిగులు పేరైంది.

ఇన్‌ఫ్లుయెంజా అంటే ఇటాలియన్‌లో ప్రభావం, నక్షత్రాల ప్రభావం. 1743లో ఇటలీ నుంచి ఆ జబ్బు ఐరోపా అంతా పాకినప్పుడు పేరు కూడా ఇంగ్లీషులోకి పాకింది. డిజాస్టర్ అంటే చెడ్డ నక్షత్రం. ఇన్ని ఉన్నాయి, మళ్లీ జ్యోతిష్యం మనదొక్కళ్లదే అంటారు.

సైదాబాద్_సుధ
నేను కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను. ఒక్క మనవి. ఈ పేర్ల చరిత్ర నాకూ ఇష్టమే, కానీ శని పట్టింది, గాలి సోకింది అన్న మాటల వల్ల మా దగ్గరికి రావలసినవాళ్లు ఏళ్ల తరబడి రావడం లేదు. డిప్రెషన్‌కు పత్రికలు కుంగుబాటు అని రాస్తున్నాయి, చాలా మంచి మాట. లాటిన్ మూలం కూడా కిందికి నొక్కడమే. నొక్కుతున్నది ఒకటుంది, మనిషి కుంగుతున్నాడు. అందులో అతని తప్పు ఉన్నట్టు ధ్వనించదు.

యాంగ్జైటీ కూడా చూడండి. లాటిన్‌లో ఆంగెరె అంటే గొంతు నులమడం, ఇరుకు చేయడం. యాంగ్విష్, గుండెనొప్పికి వాడే యాంజైనా, ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలు. నా దగ్గరికి వచ్చేవాళ్లు తెలుగులో చెప్పేదీ అచ్చంగా ఇదే, "ఛాతీ పట్టేసినట్టు ఉంది మేడమ్, ఊపిరి ఆడటం లేదు". వాళ్లలో చాలామంది ముందు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఈసీజీ బాగుందని తేలాక వస్తారు. ముందు గుండె చూపించుకోవడమే సరైన పని కూడా.

డాలస్‌లో_దిల్‌సుఖ్‌నగర్
డిప్రెషన్ అంటే మా నాన్నకు బంగాళాఖాతంలోదే. ఫోన్‌లో "ఇక్కడ ఒకడికి డిప్రెషన్ వచ్చింది నాన్నా" అంటే "తీరం ఎక్కడ దాటుతుందట?" అన్నారు.

సైదాబాద్_సుధ
😀 మీ నాన్నగారి ప్రశ్న మంచిదే. అది కూడా కిందికి దిగిన పీడనమే.

డాలస్‌లో_దిల్‌సుఖ్‌నగర్
నా వంతు మాట నాస్టాల్జియా. ఇది పాత గ్రీకు మాటలా వినిపిస్తుంది కానీ కాదు. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి బాసెల్‌లో తన సిద్ధాంత వ్యాసం కోసం రెండు గ్రీకు ముక్కలు అతికించి తయారుచేశాడు. నోస్టోస్ అంటే ఇంటికి తిరిగి రావడం, ఆల్గోస్ అంటే నొప్పి. ఊరు విడిచి పరాయి దేశంలో ఉన్నవాళ్లకు వచ్చే రోగానికి పేరు అది. జ్వరం, నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం లక్షణాలు. పరాయి సైన్యాల్లో కొలువు చేసే స్విస్ సైనికులకు ఇది ఎక్కువని తర్వాత చాలాకాలం వైద్యులు రాశారు. మందు ఇంటికి పంపడం.

ఇప్పుడు పాత పాటలకు, పాత సినిమాలకు వాడి ఆ మాటను తేలిక చేసేశాం. మొదటిసారి ఇక్కడికి వచ్చిన శీతాకాలంలో నాకు నిజంగానే అన్నం సయించలేదు, ఒళ్లు వెచ్చబడేది. అమ్మ ఫోన్‌లో "బెంగ పెట్టుకున్నావురా" అంది. ఇక్కడి డాక్టర్ పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడు. ఇద్దరిలో రోగం కనిపెట్టింది అమ్మే.

లాల్‌దర్వాజ_లక్ష్మి
మా చిన్నోడు హాస్టల్లో చేరినప్పుడు ఇదే. బెంగజ్వరం అని వార్డెనే అన్నాడు. ఆదివారం వెళ్లి పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు తినిపిస్తే తగ్గింది.

ఎర్రగడ్డ_వాసి
చాలా రోజుల నుంచి నా మనసులో ఉన్న విషయం. పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. ఎక్కడ ఇల్లు అని అడిగి, చెప్పగానే నవ్వుతారు. కాలేజీలో, ఆఫీసులో, చివరికి పెళ్లిచూపుల్లో కూడా. మానసిక వైద్యశాల ఉన్నందుకు ఊరి పేరే తిట్టు అయింది. అక్కడ వైద్యం చేయించుకుని పనికి వెళ్తున్న మనుషులు నాకు తెలుసు, ఇంటిపక్కనే ఉంటారు. వాళ్లు విన్నప్పుడు ఎలా ఉంటుందో నవ్వేవాళ్లు ఆలోచించరు. ఇంగ్లీషులో కూడా ఇలా జరిగిందా మాస్టారు?

చిక్కడపల్లి_మాస్టారు
జరిగింది. 1247లో లండన్‌లో బెత్లెహేమ్ మేరీమాత పేరిట ఒక ధర్మసత్రం పెట్టారు. అది తర్వాత మతి తప్పినవారి ఆసుపత్రి అయింది. జనం నోట్లో బెత్లెహేమ్ కాస్తా బెడ్లమ్‌గా అరిగిపోయి, చివరికి గోల, గందరగోళం అనే అర్థమొచ్చింది. ఏసుక్రీస్తు పుట్టిన ఊరి పేరు అది. విశాఖ వైపు చినవాల్తేరుకూ ఇదే పట్టింది. నీ బాధ నాకు అర్థమైంది. నా క్లాసులో ఎవరైనా ఆ మాట అంటే పాఠం ఆపి మాట్లాడేవాణ్ణి.

సైదాబాద్_సుధ
హిస్టీరియా కూడా ఇలాంటి గాయమే. గ్రీకులో హిస్టెరా అంటే గర్భాశయం. ఆడవాళ్ల ఆవేదనంతా గర్భాశయం నుంచి పుడుతుందని వేల ఏళ్లు నమ్మారు. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ణయ గ్రంథం 1980 కూర్పులో ఆ పేరు తీసేశారు. తెలుగు సీరియళ్లలో మాత్రం ఇంకా తీయలేదు.

పుస్తకాల_పురుగు
ఇతరుల మీదకు నెట్టే పేర్లు ఇంకా ఉన్నాయి. సిఫిలిస్‌ను ఇటలీ వాళ్లు ఫ్రెంచి రోగం అన్నారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ రోగం అన్నారు. మనవాళ్లు ఫిరంగి రోగం, అంటే ఐరోపావాళ్ల రోగం అన్నారు, 16వ శతాబ్దపు భావప్రకాశంలోనే ఆ పేరు ఉంది. 1918 ఫ్లూకు స్పెయిన్ పేరు పడింది. కారణం అక్కడ పుట్టడం కాదు. యుద్ధంలో లేని దేశం కాబట్టి అక్కడి పత్రికలు దాచకుండా రాశాయి. ఇవన్నీ చూసే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రోగాలకు ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, జంతువుల పేర్లు పెట్టవద్దని చెప్పింది. కోవిడ్-19 ఆ పద్ధతిలో పెట్టిన పేరే.

వనస్థలిపురం_వేణు
స్మాల్‌పాక్స్‌లో స్మాల్ ఎందుకు? మనకు మశూచి పెద్దమ్మవారు, చికెన్‌పాక్స్ చిన్నమ్మవారు కదా. తలకిందులుగా ఉంది.

పుస్తకాల_పురుగు
@వనస్థలిపురం_వేణు మంచి ప్రశ్న. వాళ్లకు గ్రేట్ పాక్స్ అంటే సిఫిలిస్. దాని పెద్ద పుండ్ల ముందు మశూచి పొక్కులు చిన్నవి. ఎక్కువమందిని చంపింది మాత్రం ఈ స్మాల్ అనిపించుకున్నదే. 1980 మేలో అది భూమి మీద లేదని ప్రకటించారు.

అమీర్‌పేట_అర్చన
క్వారంటైన్ 40 రోజులని తెలుసు. 40 ఎందుకు?

పత్తర్‌గట్టి_హకీం_మనవడు
1377లో ఇప్పటి క్రొయేషియాలోని రాగూసా రేవులో, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లను 30 రోజులు ఊరి బయటే ఆపాలని నియమం పెట్టారు. తర్వాత అది 40 అయింది. వెనిస్ భాషలో 40ని బట్టి క్వారంటైన్. బైబిల్లో 40 రోజుల ఉపవాసం ఉండటం వల్ల ఆ లెక్క మీద గురి కుదిరిందని అంటారు. మాకూ చిల్లా ఉంది. సూఫీలు 40 రోజులు ఒంటరిగా ధ్యానంలో కూర్చుంటే చిల్లా. బాలింత 40 రోజులు ఇల్లు కదలకపోయినా చిల్లానే.

మందుల_షాపు_మల్లేశ్
మా షాపులో రోజూ అమ్ముడయ్యేది షుగర్ మందు. డయాబెటిస్ అంటే ఏమిటి?

చిక్కడపల్లి_మాస్టారు
గ్రీకులో లోపలినుంచి దాటిపోయేది. తాగిన నీళ్లన్నీ ఆగకుండా బయటికి పోతాయని. పక్కన చేర్చిన మెలిటస్ అంటే తేనె తీపి. మన మధుమేహంలో మధు కూడా తేనే. మూత్రం తియ్యగా ఉంటుందనీ, చీమలు పడతాయనీ మన వైద్యులు ఏనాడో రాశారు. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో థామస్ విలిస్ రుచి చూసి తేనెలా ఉందని రాశాడు. క్షయ కూడా ఇంతే. క్షయమంటే అరిగిపోవడం. ఇంగ్లీషులో పాత పేరు కన్సంప్షన్, మనిషిని తినేసేది. గ్రీకు పేరు థైసిస్‌కూ అరిగిపోవడమనే అర్థం. మూడు భాషలు ఒకే రోగిని చూసి పెట్టిన పేర్లు. ట్యుబర్‌క్యులోసిస్ అంటే మాత్రం ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు, అది కోసి చూసినవాళ్ల పేరు.

సైదాబాద్_సుధ
డిసీజ్‌ను ఎవరూ పట్టించుకోలేదు. డిస్, ఈజ్. సుఖం లేకపోవడం. పాత ఫ్రెంచి నుంచి మధ్యయుగాల ఇంగ్లీషులోకి వచ్చిన మాట. దానికి రోగమనే అర్థం తర్వాత వచ్చింది, ముందు ఇబ్బంది, నెమ్మది లేకపోవడం. దిగులూ రోగమూ అప్పట్లో ఒకే మాటలో ఉండేవి. ఒంట్లో బాగాలేదు అని మనం అనేది దానికి దగ్గర.

వనస్థలిపురం_వేణు
చికున్‌గున్యా ఏ భాష? 2006లో మా కాలనీలో ఇంటికొకరు పడ్డారు.

పుస్తకాల_పురుగు
టాంజానియాలో మకొండే భాష. 1952లో అక్కడి మకొండే పీఠభూమిలో ఆ జ్వరం వచ్చినప్పుడు స్థానికులు పెట్టుకున్న పేరు. వంగిపోయేలా చేసేది అని అర్థం. కీళ్ల నొప్పులతో మనిషి నిటారుగా నిలబడలేడు కాబట్టి.

లాల్‌దర్వాజ_లక్ష్మి
మా అత్తమ్మకు అప్పుడే వచ్చింది. చెంబు పట్టుకోలేకపోయేది, గోడ పట్టుకుని వంగి నడిచేది. జ్వరం వారంలో పోయింది, నొప్పులు నెలల తరబడి పోలేదు. ఆ పేరు పెట్టినవాళ్లు మా అత్తమ్మను చూసే పెట్టినట్టున్నారు.

బేగంపేట_బాలు
ఆగస్టు 20న రాస్ భవనం దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. ఉదయం తొమ్మిదికి. లోపలికి అనుమతి దొరుకుతుందో లేదో ముందు కనుక్కుంటాను. వచ్చేవాళ్లు ఇక్కడ రాయండి.

ఎర్రగడ్డ_వాసి
నేను వస్తాను.

పత్తర్‌గట్టి_హకీం_మనవడు
నేనూ. తాత నోటుబుక్కు ఒకటి తెస్తాను, అందులో మాలిఖూలియాకు రాసిన నుస్ఖాలు, అంటే మందుల చీటీలు ఉన్నాయి. మాస్టారు చూడాలి.

చిక్కడపల్లి_మాస్టారు
తప్పకుండా. ఉర్దూ లిపి చదవడం నాకు రాదు, నువ్వే చదివి వినిపించాలి.